ఫుట్‌పాత్ మీది మనుషులకు వైద్యం చేయాలనుకుంటే

మొదటి నెల మందుల సంచి తీసుకెళ్లకండి. టీ ఫ్లాస్కు, నీళ్ల సీసాలు, నాలుగు డజన్ల బన్నులు చాలు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే మేము సరిగ్గా దీనికి తలకిందులుగా మొదలుపెట్టాం. ప్రభుత్వాసుపత్రిలో 30 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాక, ఇద్దరు చిన్న డాక్టర్లతో కలిసి ఒక మంగళవారం రాత్రి సికింద్రాబాద్ స్టేషన్ రోడ్డుకి వెళ్లాను. తెల్ల కోట్లు, వ్యాను, చేతిలో కాగితాలు. మమ్మల్ని చూసి పడుకున్నవాళ్లలో సగం మంది దుప్పట్లు చుట్టుకుని లేచి వెళ్లిపోయారు. వాళ్లకు తెలిసినంతలో వ్యాను దిగే మనిషంటే ఎత్తుకుపోయే మనిషే. బండి ఎక్కించుకుని ఊరి బయట దింపేస్తే మళ్లీ నడిచొచ్చినవాళ్లు ఆ గుంపులో ఉన్నారు. ఆ రాత్రి ఒక్క కట్టు కూడా కట్టలేదు మేము.

తర్వాత నెల రోజులు ఊరికే టీ పోశాం. నాలుగో వారం ఒక పెద్దాయన తనంతట తానే లుంగీ పైకి లాగి, "సిస్టరమ్మా, జర ఈ కాలు సూడు" అన్నాడు. మా పని మొదలైంది ఆ రోజే.

రోజు, వేళ, జట్టు

వారానికి రెండు రోజులు పెట్టుకోండి, అవి మార్చకండి. మావి మంగళవారం, శుక్రవారం. వాన పడినా, పండగొచ్చినా, ఇద్దరమే మిగిలినా వెళ్తాం. ఫుట్‌పాత్ మీద బతికే మనిషికి "మళ్లీ వస్తాం" అని చెప్పి రానివాళ్లు చాలామంది. చెప్పిన రోజు మనం కనబడకపోతే నెలల తరబడి కుదిరిన నమ్మకం ఒక్క రాత్రిలో పోతుంది.

వేళ విషయానికొస్తే రాత్రి తొమ్మిది నుంచి పదకొండున్నర మంచిది. దుకాణాల షట్టర్లు పడితేనే వాటి ముందు పక్కలు పరుస్తారు. పన్నెండు దాటితే అలసటకో మత్తుకో గాఢ నిద్రలో ఉంటారు, లేపడం తప్పు.

నలుగురు ఉంటే జట్టు సరిపోతుంది. ఒక నర్సు, ఒక డాక్టరు, హిందీతో పాటు ఒడియానో కన్నడమో వచ్చిన మనిషి ఒకరు, ఆటో నడిపే మనిషి ఒకరు. వీళ్లలో కనీసం ఒక ఆడమనిషి ఉండాలి. మందు రాసేది డాక్టరే. డాక్టరు రాని రోజు నేను కట్లు కడతాను, బీపీ షుగర్లు చూస్తాను, ఫోన్లో అడిగి అప్పటికే రాసిన మందులు కొనసాగిస్తాను. ఆ గీత దాటను, మీరూ దాటకండి. పని మొదలుపెట్టకముందే జట్టంతా హెపటైటిస్-బి టీకా వేయించుకోండి, ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి చూసుకోండి. హెపటైటిస్ టీకా మూడు డోసులు పూర్తవడానికి ఆరు నెలలు పడుతుంది.

దగ్గరికి ఎలా వెళ్లాలి

అట్టముక్క కావచ్చు, చినిగిన ఫ్లెక్సీ కావచ్చు, పరుచుకున్నంత మేరా అది వాళ్ల ఇల్లు. బయట చెప్పులు విడిచి "కూర్చోవచ్చా?" అని అడిగి, ఊఁ అంటేనే కూర్చోండి. వద్దంటే టీ గ్లాసు అంచున పెట్టి వచ్చేయండి. నిలబడి వంగి మాట్లాడకండి. టార్చి మొహం మీద వేయకండి. నిద్రలో ఉంటే కాళ్ల వైపు నుంచి, చేతికి అందనంత దూరంలో నిలబడి పిలవండి. భుజం పట్టి కుదిపితే తన్నులు తినాల్సొస్తుంది. తప్పు వాళ్లది కాదు, నిద్రలో వాళ్ల భుజం పట్టి కుదిపేది సాధారణంగా లాఠీ పట్టుకున్న మనిషి.

తల కింద పెట్టుకున్న మూటను ముట్టుకోవద్దు, సర్దొద్దు, శుభ్రం చేయబోవద్దు. మనకు చిత్తు కాగితాల్లా కనబడేవి వాళ్లు పదేళ్లు దాచుకున్నవి కావచ్చు. ఫొటోలు అసలే వద్దు, దాతలకు పంపడానికైనా సరే.

వయసును బట్టి అన్నా, అక్కా, తాతా, పెద్దమ్మా అనండి. పేరు అడిగే ముందు మీ పేరు చెప్పండి. చెప్పిన పేరు నిజమా కాదా అని తరచి అడగకండి.

కాళ్లతో మొదలుపెట్టండి

ఒక ప్లాస్టిక్ టబ్బు, వేడినీళ్ల ఫ్లాస్కు, సబ్బు, పాత తువ్వాళ్లు, గోళ్లు తీసే కత్తెర. సంచిలో ఎంత ఖరీదైనది ఉన్నా వీటి తర్వాతే. పాదాలు గోరువెచ్చని నీళ్లలో పెట్టించి కడుగుతుంటే మడమ పగుళ్లు, వేళ్ల మధ్య పుళ్లు, షుగర్ వల్ల స్పర్శ పోయిన చోట గుచ్చుకున్న మేకు, అన్నీ కనబడతాయి. ఇంకో లాభం కూడా ఉంది. మన చూపు పాదాల మీద ఉంటుంది కాబట్టి ఎదుటి మనిషికి మాట్లాడటం తేలిక. ఎదురెదురు కూర్చుని "మీ సమస్య ఏంటి" అని అడిగితే రాని మాటలు కాళ్లు కడిగేటప్పుడు వస్తాయి.

పుండులో పురుగులుంటే మొహం చిట్లించకండి. గాజుగుడ్డకు టర్పెంటైన్ నూనె కొంచెం తడిపి పుండు మూతి దగ్గర పెట్టి కాసేపు ఆగండి. ఊపిరాడక పైకొస్తాయి, ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటి తీయండి. ఒక్క రాత్రిలో అన్నీ రావు, మూడు నాలుగు సార్లు పడుతుంది. ముక్కులో, చెవిలో, కంటి దగ్గర ఉంటే మాత్రం మీరు చేయొద్దు, ఆసుపత్రికి పంపండి. తర్వాత సెలైన్ ధారగా పోసి కడగండి. హైడ్రోజన్ పెరాక్సైడు, డెట్టాల్ పచ్చి కండ మీద పోసే అలవాటు మానుకోండి, కొత్తగా వస్తున్న కండ కూడా చచ్చిపోతుంది.

మనం మళ్లీ వచ్చేది మూడు నాలుగు రోజులకు. వార్డులో రోజూ మార్చే కట్టులా కడితే ఇక్కడ నిలవదు. లోపల పుండుకు అంటుకోని పారఫిన్ గాజుగుడ్డ, పైన మందంగా దూది ప్యాడు, ఆ పైన గట్టి రోలర్ కట్టు. వానాకాలంలో పాలప్యాకెట్ లాంటి మందం కవరు ఒకటి ఇచ్చి, తడి రోడ్డు మీద నడిచేటప్పుడు తొడుక్కుని ఆరగానే తీసేయమని చెప్పండి. తీయకపోతే లోపల చెమటకి నానిపోతుంది.

వేలు నల్లబడినా, పుండు చుట్టూ నొక్కితే చర్మం కింద చిటచిటలాడినా, కుళ్లు వాసనతో పాటు జ్వరం ఉన్నా శుక్రవారం దాకా ఆగొద్దు. ఆ రాత్రే గాంధీ ఆసుపత్రికో ఉస్మానియాకో తీసుకెళ్లాలి.

రక్తం, చీము అంటిన గాజుగుడ్డలు పసుపు సంచిలో, వాడిన సూదులను గుచ్చినా చిల్లుపడని తెల్ల డబ్బాలో వేసి, ఏదైనా ఆసుపత్రితో ముందే మాట్లాడుకుని వాళ్లకు అప్పగించండి. మున్సిపాలిటీ చెత్తకుండీలో వేస్తే మర్నాడు పొద్దున అందులో చేయి పెట్టేది మన పేషెంటే.

"తాగి పడిపోయాడు" అనే మాట

ఒక శుక్రవారం రాత్రి వంతెన కింద ఒక మనిషి చెమటలు పట్టి, మాట ముద్దగా, మనల్ని తోసేస్తూ ఉన్నాడు. దగ్గర సారా వాసన కూడా వచ్చింది. పక్కనున్నవాళ్లు "రోజూ గంతే సిస్టరమ్మా, తాగి పడ్డడు" అన్నారు. నేను నమ్మి ముందుకెళ్లిపోయాను. గంట తర్వాత వెనక్కొస్తూ ఎందుకో మనసు పీకి వేలి నుంచి చుక్క తీసి చూస్తే షుగర్ 38. పొద్దున ఎక్కడో క్యాంపులో ఇచ్చిన షుగర్ మాత్ర వేసుకున్నాడు, రోజంతా తిండి దొరకలేదు. అతను బతికాడు. ఆ గంట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందుకే మా జట్టులో ఒక నియమం. తాగినట్టున్న ప్రతి మనిషికీ ముందు గ్లూకోమీటరు. 70 కంటే తక్కువుండి మింగగలిగితే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి, ఆ తర్వాత బన్ను పెట్టండి. తెలివిలో లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి 108 పిలవండి. తర్వాత తల తడమండి, జుట్టు లోపల వాపో గాయమో ఉందేమో. ఒళ్లు ముట్టుకుని జ్వరం చూడండి. మూడూ చూశాకే మత్తు అనే మాట వాడాలి. ఇదే కారణంగా, తిండి ఖాయంగా లేని షుగర్ మనిషికి గ్లిమిపిరైడ్ లాంటి, తినకపోతే షుగర్‌ను మరీ పడేసే మాత్ర రాసేముందు మా డాక్టరు చాలాసార్లు ఆలోచిస్తాడు.

కల్లు సంగతి తెలంగాణలో వేరుగా చూడాలి

ఇక్కడ కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతారు. రోజూ తాగే మనిషి ఒంటికి పట్టేది ఆ మందులే. ఉన్నట్టుండి మానేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూతపడ్డప్పుడు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి ఇలాంటివాళ్లు వరసకట్టారు. సారా మానినా దాదాపు ఇంతే. మొదటి రోజే వణుకు మొదలై, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పే దశ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు.

కాబట్టి మంచి మనసుతోనే అయినా "ఇవాళ్టి నుంచి ముట్టకు" అని ఎవరికీ చెప్పకండి. "మానాలనుందా? అయితే ఒక రోజు ఖాయం చేసుకుని ఆసుపత్రిలో ఉండి మానుదాం" అనండి. అక్కడ డాక్టర్లు మాత్రల మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ దించుతారు. చాన్నాళ్లుగా తాగుతున్న మనిషికి గ్లూకోజ్ ఎక్కించేటప్పుడు థయమిన్ (బి1 విటమిన్) కూడా పడాలని ఎమర్జెన్సీలో గుర్తుచేయండి. షుగర్ పడిపోయి ఉంటే మాత్రం థయమిన్ కోసం గ్లూకోజ్ ఆపకూడదు.

మనసు చెదిరినవాళ్లతో

ఒకామె. బోయిగూడ వైపు గోడ పక్కన కూర్చునేది. మే నెల ఎండలో ఒంటి మీద నాలుగు పొరల బట్టలు. పలకరిస్తే గోడ వైపు తిరిగేది. ఏడు వారాలు ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్లినప్పుడల్లా మూడడుగుల దూరంలో కూర్చుని, టీ పెట్టి, నేనూ తాగి, "మళ్లీ శుక్రవారం వస్తా పెద్దమ్మా" అని లేచేదాన్ని. ఎనిమిదో వారం ఉప్మా పెడితే ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైంది" అంది. ఉత్తరాంధ్ర యాస. ఆ యాస పట్టుకునే ఆమె ఊరు వైపు వెతకడం మొదలుపెట్టాం.

అలాంటి మనిషి ఏవో గొంతులు వినబడుతున్నాయంటే వాదనకు దిగకండి. "ఎవరూ లేరు, నీ భ్రమ" అంటే మన మీద నమ్మకం పోతుంది, "అవును, నాకూ వినబడుతున్నాయి" అంటే అబద్ధం. "నాకు వినబడటం లేదు, నీకు వినబడుతున్నాయని తెలుసు. నిద్ర పడుతోందా?" అనండి. నిద్ర గురించి అడిగితే ఎవరికీ కోపం రాదు. మందు తీసుకోవడానికి ఒప్పుకునేది కూడా చాలామంది నిద్ర కోసమే. చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్న మాత్రం సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మీ వెంట సైకియాట్రిస్టు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు.

మందు రాసే డాక్టరుకు వీధి సంగతులు చెప్పాల్సింది మనమే. భ్రమలు తగ్గించే ఒలాంజపిన్ లాంటి మాత్ర రాత్రి వేస్తే మొద్దునిద్ర పడుతుంది. నాలుగు గోడల మధ్య అది మేలే. ఫుట్‌పాత్ మీద ఒంటరి ఆడమనిషికి, ఎవరైనా మీదికొస్తే మెలకువ రాని నిద్ర ప్రమాదం. అలాంటప్పుడు మోతాదు, వేళ మార్చమని అడగాలి, లేదా ముందు సురక్షితంగా పడుకునే చోటు చూడాలి. ఈ మందులు, వీటి వల్ల వచ్చే బిగుతు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ చెమటను తగ్గిస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ వీళ్లకు త్వరగా తగులుతుంది. మందు మొదలుపెట్టిన వారంలో నీళ్లు, ఓఆర్ఎస్, నీడ గురించి రెండింతలు చూసుకోండి. ఇదే రకం మందైన హాలోపెరిడాల్ వేశాక మెడ ఒక పక్కకు బిగుసుకుపోయి కళ్లు పైకి తేలేస్తే చుట్టుపక్కలవాళ్లు దయ్యం పట్టిందంటారు. అది మందు వల్లే, విరుగుడు ఇంజెక్షన్‌తో తగ్గుతుంది, ఆసుపత్రికి పరుగెత్తండి.

రోజూ మాత్ర ఎవరివ్వాలి? కోల్‌కతాలో ఈశ్వర్ సంకల్ప అనే సంస్థ దీనికి దారి చూపింది. టీకొట్టువాళ్లు, దుకాణదారులు, రోజూ ఆ మనిషిని చూసేవాళ్లే అన్నం పెట్టి మాత్ర ఇస్తారు. మేమూ అదే పట్టుకున్నాం. స్టేషన్ దగ్గర ఒక టీకొట్టతను ముగ్గురి మాత్రలు చక్కెర డబ్బా పక్కన ఒక చిన్న డబ్బాలో పెట్టుకుని, పొద్దున చాయ్‌తో పాటు ఇస్తాడు. నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఉంది, కానీ సైకియాట్రిస్టు చూసి, మనిషి ఒప్పుకున్నాకే. టీలో కలిపి తెలియకుండా ఇవ్వడం మా జట్టులో నిషిద్ధం. ఒకసారి తెలిసిపోతే ఆ మనిషి ఇక ఎవరి చేతి నీళ్లూ తాగడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర

108లో ఎక్కించి పంపేస్తే పని అయిపోయినట్టు కాదు. ఒకసారి అలా పంపిన తాతను, ఒక పెద్దాసుపత్రిలో అటెండెంట్ లేడని స్ట్రెచర్ మీద తెల్లారేదాకా ఉంచి, పొద్దున గేటు బయట కూర్చోబెట్టారు. అప్పటి నుంచి ఇద్దరం వెంట వెళ్తాం. ఒకరు ఓపీ చీటీ, స్కానింగ్, రక్తపరీక్షల వెంట తిరగాలి, ఒకరు స్ట్రెచర్ వదలకూడదు. అంతకుముందే స్నానం చేయించి, బట్టలు మార్చి తీసుకెళ్లగలిగితే వార్డులో మర్యాద మారుతుంది. అలా ఉండకూడదు, కానీ ఉంది.

చట్టం మన వైపుంది, రెండు మూడు ముక్కలు నోటికి వచ్చి ఉండాలి. ఎమర్జెన్సీలో ప్రాణం కాపాడే వైద్యం కాగితాల కోసం ఆగకూడదని సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తేల్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఇల్లు లేని మానసిక రోగికి తెల్ల రేషన్ కార్డు ఉన్నా లేకున్నా వైద్యం ఉచితం. 100వ సెక్షన్ పోలీసుల గురించి. మతి చెడి తిరుగుతూ తనను తాను చూసుకోలేని మనిషిని రక్షణలోకి తీసుకుంటే లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో ప్రభుత్వ వైద్య సంస్థకు చేర్చాలి, తప్పిపోయిన మనిషిగా ఎఫ్ఐఆర్ రాసి కుటుంబాన్ని వెతకాలి. ఎస్సైతో గొడవపడే స్వరంతో కాకుండా, సెక్షన్ కాగితం ప్రింటు తీసి చేతిలో పెట్టి, "సార్, ఇది కొంచెం చూడండి" అంటే ఎక్కువసార్లు పని జరిగింది.

మిగతావి

రెండు వారాలు దాటిన దగ్గుంటే కఫం పరీక్ష చేయించండి. టీబీ మందు కనీసం ఆరు నెలలు, దానికీ టీకొట్టు డబ్బా పద్ధతే. ప్రభుత్వం పోషణకిచ్చే నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలోనే పడతాయి, అందుకే ఖాతా తెరిపించే పని కూడా మన నెత్తిన వేసుకోవాలి.

కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బుతో ధారగా కడిగి, కుక్కకాటు సూదులు వేసే నారాయణగూడ ఐపీఎంకో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో తీసుకెళ్లండి. మొదటి సూదికి అందరూ వస్తారు, మూడో దానికి మనం వెళ్లి పిలుచుకురావాలి.

గజ్జికి పర్మెత్రిన్ అనే పూతమందు మెడ నుంచి పాదాల దాకా రాత్రి పూసి పొద్దున కడగాలి, వారం తర్వాత మళ్లీ. కలిసి పడుకునేవాళ్లందరికీ ఒకే రాత్రి పూయాలి, లేకపోతే మందు దండగ. పొద్దున సులభ్‌లో స్నానానికి చిల్లర, మార్చుకోవడానికి ఒక జత బట్టలు ఇవ్వండి. విడిచిన జతను కవర్లో గట్టిగా కట్టి వారం ఉంచితే పురుగు చస్తుంది.

ఆడవాళ్లకు ప్యాడ్లు అడగకముందే ఇవ్వండి. దాడి జరిగిందని చెబితే పదిమందిలో వివరాలు అడగొద్దు. ఆడమనిషి ఒక్కరే పక్కన కూర్చుని, 181 మహిళా హెల్ప్‌లైన్ గురించి, దాడికి గురైన ఆడవాళ్లకు, పిల్లలకు పోలీసులు నడిపే భరోసా కేంద్రం గురించి చెప్పి, ఆమె రమ్మంటే తోడు వెళ్లాలి.

నోట్‌బుక్కు

ఫోన్లో కాదు, అట్ట ఉన్న నోట్‌బుక్కులో రాయండి. పేర్లు మారతాయి, చోట్లు మారతాయి, అందుకే గుర్తులు రాసుకోవాలి: "రెండో పిల్లరు, నీలం దుప్పటి, ఎడమ మడమ పుండు రూపాయి బిళ్లంత, గతవారం కంటే తగ్గింది, కూతురు పెళ్లి సంగతి చెప్పాడు, ఊరు తాండూరు వైపు." మంగళవారం ఆ చోటు ఖాళీగా ఉంటే ముందు టీకొట్టులో అడగండి, తర్వాత పక్కన పడుకునేవాళ్లను. రెండోసారీ కనబడకపోతే గాంధీ ఎమర్జెన్సీలో పేరు లేనివాళ్ల పడకలు చూడండి. అక్కడా లేకపోతే మార్చురీకి వెళ్లి రిజిస్టరు చూపించమని అడగాలి. మేము అలా ఇద్దరిని గుర్తుపట్టాం. ఒకాయనను మేము కట్టిన కట్టును బట్టి. ఆయన ఊరు నోట్‌బుక్కులో ఉంది కాబట్టి కబురు వెళ్లింది, కొడుకు మర్నాడు సాయంత్రం బస్సులో వచ్చి తీసుకెళ్లాడు.